టీవీ చర్చలు చూసి డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవచ్చా?

ప్రశ్న: నాకు ఈమధ్యే 60 నిండాయి, మా ఆవిడకు 56. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు భీమవరంలో సొంత ఇంట్లో ఉంటున్నాం. పీఎఫ్, గ్రాట్యుటీ, దాచుకున్నదీ కలిపి 70 లక్షలు వచ్చాయి. మొత్తం సేవింగ్స్ ఖాతాలోనే ఉంచాను. పెన్షన్ నెలకు 3,800, ఖర్చు 45 వేలు. పిల్లలు స్థిరపడ్డారు, అప్పుల్లేవు. బడ్జెట్, ఆర్‌బీఐ, ఎన్నికలు, అమెరికా సుంకాల మీద మీరు రాసేవన్నీ చదువుతాను. సాయంత్రమైతే టీవీలో చర్చలు, ఒకటే టెన్షన్. తమ్ముడు రొయ్యల చెరువులకు 20 లక్షలు అడుగుతున్నాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తానంటున్నాడు. బావమరిది అమరావతిలో ప్లాటు కొనమంటాడు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి అమెరికా ఫండ్లు అంటాడు. పక్కింటి కుర్రాడు ఆప్షన్స్‌లో నెలకు నాలుగు శాతం తీసి చూపిస్తానంటున్నాడు. వచ్చే రెండు మూడేళ్లలో దేశ ఆర్థిక పరిస్థితి ఎటు పోతుందో మీ అంచనా చెప్పండి. దాన్నిబట్టి పెడతాను.

సమాధానం: నమస్కారం అండీ. అంచనాల సంగతి తర్వాత. మీ ఉత్తరంలో ముందు నన్ను కంగారు పెట్టింది ఆ సేవింగ్స్ ఖాతా. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా కింద ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే హామీ. 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే. పెద్ద బ్యాంకులు మునగవులే అనుకున్నా, సేవింగ్స్ మీద స్టేట్ బ్యాంకు లాంటివి ఇస్తున్నది రెండున్నర శాతం. మీ వయసుకు పోస్టాఫీసులో ప్రభుత్వమే 8.2 శాతం ఇచ్చే పథకం ఒకటుంది, పేరు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్. అందులో 30 లక్షలు పెట్టుకోవచ్చు. ఆ 30 లక్షల మీదే తేడా నెలకు 14 వేల పైచిలుకు. టీవీ చూస్తూ ఆలోచించుకుంటున్న ప్రతి నెలకూ మీరు కడుతున్న రుసుం అది.

ఇక అంచనా. అభిప్రాయాలకు నాకు కొదవ లేదు, మీరు చదువుతూనే ఉన్నారు. వాటి మీద మీ రిటైర్మెంట్ డబ్బు మాత్రం పెట్టకండి. నా క్లయింట్ల డబ్బు నేను కూడా పెట్టను. 2024 ఎన్నికల వారం గుర్తు చేసుకోండి. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3 సోమవారం సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగిరింది. మంగళవారం ఓట్లు లెక్కపెట్టిన రోజు, ముగింపుకి దాదాపు 4,400 పాయింట్లు పడిపోయింది. బీజేపీకి సొంతంగా మెజారిటీ రాదని ముందే పసిగట్టి సోమవారం అమ్మేసినవాడు ఒక్కరోజు మొనగాడు. శుక్రవారానికి సెన్సెక్స్ 76,693 దగ్గర ముగిసి కొత్త రికార్డు పెట్టింది. రాజకీయం సరిగ్గా ఊహించాడు, అయినా శుక్రవారం దాకా ఆగి ఉంటే అమ్మిన ధర కన్నా ఎక్కువకే తిరిగి కొనుక్కోవాల్సి వచ్చింది.

మనదాకా ఎందుకు, విధానాలు రాసేవాళ్లకే లెక్క తప్పుతుంది. 2015 నవంబరులో కేంద్రం బంగారు బాండ్లు (బంగారం ధర ప్రకారమే తిరిగి చెల్లించే కాగితాలు) తెచ్చింది. జనం బిస్కెట్లు కొనడం తగ్గిస్తే దిగుమతులు తగ్గుతాయని ఆలోచన. మొదటి విడత గ్రాము 2,684 రూపాయలకు అమ్మింది, 2023 నవంబరులో 6,132 చొప్పున తిరిగి చెల్లించింది. మధ్యలో ఏటా వడ్డీ అదనం. భారం ఎంతో తెలిసొచ్చాక 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త బాండ్ల ఊసే లేదు. ఆర్థిక శాఖ, రిజర్వు బ్యాంకు కలిసి పట్టుకోలేని బంగారం ధరను నేను కాలమ్‌లో పట్టుకుంటానా?

అలాగని విధానాలు పట్టించుకోవద్దని కాదు. ఇప్పటికే కాగితం మీదకు ఎక్కిన నిబంధనలు పట్టించుకోండి. రేపు రాబోతోందని ఎవరో చెప్పేది వదిలేయండి. ఇందాక చెప్పిన 8.2 శాతమే దీనికి మంచి ఉదాహరణ.

రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) తగ్గించడం మొదలుపెట్టింది. 6.5 శాతం ఉన్నది డిసెంబరుకి 5.25కి దిగింది. బ్యాంకులు ఎఫ్‌డీ వడ్డీలు వెంటనే కోశాయి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ మాత్రం 2023 ఏప్రిల్లో 8.2కి చేరి, 2025 ఆఖరు దాకా అక్కడే కదలకుండా కూర్చుంది. ప్రభుత్వ బాండ్ల రాబడిని బట్టి మూడు నెలలకోసారి ఈ వడ్డీలు సవరించాలని సూత్రం ఉంది. సూత్రం ప్రకారమైతే తగ్గాలి. తగ్గించే ధైర్యం ఎవరికీ లేదు. 2021 మార్చి 31 రాత్రి ఒకసారి తగ్గించారు. ఈ పథకం వడ్డీ 7.4 నుంచి 6.5కి దించుతూ ఉత్తర్వులొచ్చాయి. అప్పుడు బెంగాల్లో పోలింగ్ జరుగుతోంది. తెల్లారేసరికి ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ట్వీట్ పెట్టారు: పొరపాటున వచ్చిన ఉత్తర్వులు, వెనక్కి తీసుకుంటున్నాం అని. ఏప్రిల్ ఒకటో తారీఖు కావడంతో చాలామంది ముందు నమ్మలేదు కూడా.

ఆర్థిక విధానంగా ఇది నాకు నచ్చదు. ప్రభుత్వం మార్కెట్ కన్నా ఎక్కువ వడ్డీకి అప్పు తెస్తే ఆ తేడా పన్ను కట్టేవాళ్ల నెత్తినే పడుతుంది. పోస్టాఫీసు అంత ఇస్తుంటే బ్యాంకులు డిపాజిట్ల వడ్డీ కొంత కోసినా ఒక స్థాయి దాటి దించలేవు, ఇంటి అప్పు తీసుకున్న కుర్రాడికి రెపో కోత ఫలం అందడం ఆలస్యమవుతుంది. దీని మీద రాశాను, ఇంకా రాస్తాను. మీ సలహాదారుగా మాత్రం నా మాట వేరే: రేపు పొద్దున్నే పోస్టాఫీసుకు వెళ్లి 30 లక్షలు కట్టండి. ఆ రోజు అక్కడున్న రేటే ఐదేళ్లూ ఖాయం. తర్వాత ఎవరు తగ్గించినా మీకు తగలదు. కౌంటర్‌లో ఆ త్రైమాసికం రేటు ఎంతో ఒకసారి అడిగి చూసుకోండి, అంతే.

లెక్కలు మీకు కొత్త కాదు కాబట్టి అంకెల్లోనే చెబుతాను. 30 లక్షల మీద మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. పోస్టాఫీసులోనే మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ ఉంది, 7.4 శాతం. మీ ఆవిడతో కలిపి జాయింటుగా 15 లక్షలు పెట్టొచ్చు, నెలకు 9,250. పెన్షన్ 3,800. మొత్తం 33,550. నెలకు ఇంకా 11,450 తక్కువ పడుతుంది, ఏడాదికి లక్షా 37 వేలు. ఐదేళ్ల లోటుకు సరిపడా 7 లక్షలు ఎఫ్‌డీల్లో పెట్టండి. ఏటా ఒకటి మెచ్యూర్ అయ్యేలా విడగొట్టి వేయండి. ఆసుపత్రికో మరోదానికో 5 లక్షలు ఇంకో బ్యాంకులో ఉంచండి. ఇక మిగిలేది 13 లక్షలు.

ఈ 13 లక్షలే షేర్లలోకి వెళ్తాయి. ఈ వయసులో షేర్లేమిటని మీ ఆవిడ అడుగుతారు, అడగాలి కూడా. పైన చెప్పిన వడ్డీలు ఏటా అంతే వస్తాయి, ఖర్చులు అంతే ఉండవు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ్టి 45 వేల ఖర్చు పన్నెండేళ్లలో 90 వేలవుతుంది. అప్పటికి మీకు 72, ఆవిడకు 68. ఆ పెరుగుదలను అందుకోవడానికి ఎంతో కొంత షేర్లలో ఉండాలి. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ (50 పెద్ద కంపెనీల షేర్లు కలిపి కొనే ఫండ్) ఒక్కటి చాలు, అది కూడా డైరెక్ట్ ప్లాన్. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌లోనూ ఈ ప్లాన్ ఉంది. మధ్యవర్తికి కమిషన్ ఉండదు కాబట్టి దాని గురించి మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. డబ్బు ముందు లిక్విడ్ ఫండ్‌లో (తక్కువ రిస్కుతో కొన్నాళ్లు డబ్బు ఉంచే ఫండ్) వేసి, నెలకో లక్ష చొప్పున ఇండెక్స్‌లోకి మార్చుకోండి. ఆ 13 నెలల్లో టీవీలో ఏం వచ్చినా వాయిదా ఆపొద్దు.

పడితే ఎలా ఉంటుందో ముందే తెలియాలి. 2008 జనవరిలో 20,873 దగ్గర ముగిసిన సెన్సెక్స్ 2009 మార్చికి 8,160కి చేరింది. అలాంటిది మళ్లీ వస్తే మీ 13 లక్షలు కాగితం మీద 5 లక్షల పైచిలుకుగా కనిపిస్తాయి. అప్పటి శిఖరాన్ని దాటి నిలదొక్కుకోవడానికి 2013 ఆఖరు దాకా పట్టింది, సుమారు ఆరేళ్లు. ఐదేళ్ల లోటు డబ్బు విడిగా, దానికి తోడు 5 లక్షలు వేరేగా పెట్టమన్నది ఇందుకే. పడ్డప్పుడు అమ్ముకోవాల్సిన అవసరం మీకు రాకూడదు. ఐదేళ్లకు పోస్టాఫీసు డబ్బులూ చేతికొస్తాయి, ఆవిడకూ 60 నిండి ఉంటాయి కాబట్టి ఆవిడ పేరు మీదా సీనియర్ సిటిజన్ ఖాతా తెరవొచ్చు. అప్పుడు మళ్లీ కూర్చుని లెక్క వేద్దాం.

పన్ను సంగతి త్వరగా చెప్పేస్తా. 2025 బడ్జెట్ తర్వాత కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్ను మాఫీ) వర్తిస్తుంది. మీ వడ్డీలు, పెన్షన్ కలిపినా 5 లక్షల లోపే. పన్ను సున్నా. కాబట్టి “ట్యాక్స్ ఫ్రీ గ్యారంటీ ఇన్‌కమ్” అంటూ బ్యాంకులో ఎవరైనా బీమా పాలసీ కాగితాలు ముందు పెడితే కాఫీ తాగి వచ్చేయండి. లేని పన్నును తప్పించుకోవడానికి పదేళ్లు ప్రీమియం కట్టడం దేనికి? రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. సీనియర్ల వడ్డీ ఏడాదికి లక్ష దాటితే టీడీఎస్ (చేతికివ్వకముందే పట్టుకునే పన్ను) కోస్తారు. కోయొద్దని ఇచ్చే డిక్లరేషన్, మనం ఇన్నాళ్లూ 15హెచ్ అని పిలుస్తున్నది, ప్రతి ఏప్రిల్లో ఇచ్చేయండి. రెండోది, షేర్ ఫండ్ల లాభానికి ఆ రిబేటు వర్తించదు. ఏడాది దాటాక అమ్మితే లక్షా 25 వేల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం.

ఇప్పుడు తమ్ముడి సంగతి. మీ ఉత్తరంలో కష్టమైన ప్రశ్న ఇదే. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, 20 లక్షలకు నెలకు 40 వేలు. పెన్షన్ ఒక్కటే లెక్కేస్తే మీకు నెలకు తక్కువ పడుతున్నదీ దాదాపు అంతే. అందుకే మీ మనసు అటు లాగుతోంది. సీడు (రొయ్య పిల్లలు), మేత, కరెంటు, లీజు పోను, మధ్యలో వైరస్ రాకుండా, 24 శాతం వడ్డీ కట్టి ఇంకా మిగిల్చే చెరువులు మీ ఊరి చుట్టూ ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు. బ్యాంకులో అప్పు పుట్టే రైతు రెండు రూపాయల వడ్డీకి అన్నయ్య దగ్గరకు రాడు.

పైగా ఆ వ్యాపారం తలరాత ఇప్పుడు వాషింగ్టన్‌లో రాస్తున్నారు. మన రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఏప్రిల్ 2న మన సరుకు మీద 26 శాతం సుంకం అన్నారు. వారం తిరిగేసరికి దాన్ని ఆపి 10తో సరిపెట్టారు. ఆగస్టు 7న 25 చేశారు, అదే నెల 27న 50కి పెంచారు. రొయ్యల మీద యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే సుంకం) లాంటివి అంతకుముందు నుంచే ఉన్నాయి. సీడు వదిలినప్పుడు ఒక సుంకం, పట్టుబడికి ఇంకో సుంకం! ఏప్రిల్లో ఆ మాట వినగానే చెరువుగట్టు మీద కౌంట్ రేట్లు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధరలు) ఎలా దిగాయో భీమవరంలో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ సుంకాలు అన్యాయమని నా అభిప్రాయం. అమెరికా మీద అతిగా ఆనుకున్నామని, వేరే మార్కెట్ల వైపు ముందే చూడాల్సిందని కూడా అనుకుంటాను. ఇవన్నీ నిజమే అయినా మీ 20 లక్షలు తిరిగొస్తాయని హామీ ఏమీ లేదు.

అయితే తమ్ముడికి మొండిచెయ్యి చూపించమని చెప్పలేను. 20 కుదరదని చెప్పండి. షేర్లకు అనుకున్న 13లోంచి 2 లక్షలో 3 లక్షలో ఇవ్వండి. తిరిగి రాకపోయినా పండక్కి ఒకరింటికి ఒకరు వెళ్లగలిగేంత మొత్తం అయితే చాలు. నోట్ల కట్టలు వద్దు, బ్యాంకు ద్వారా పంపండి. ప్రాంసరీ నోటు రాయించుకోండి. నోటుకు గడువు మూడేళ్లే. ఈలోగా కొంత కట్టించి, నోటు వెనకాల చెల్లు రాయించి సంతకం పెట్టించకపోతే తర్వాత కోర్టులో అది చెల్లదు. అన్నదమ్ముల మధ్య నోటేమిటని నొచ్చుకుంటే, పిల్లల కాలానికి తగాదా రాకుండా అని చెప్పండి. వడ్డీ కూడా బ్యాంకు రేటుకే తీసుకోండి. 24 శాతం ఆశ పెట్టుకుంటే నాలుగో నెల నుంచి మాటలు తగ్గుతాయి.

అమరావతి మీద మీ బావమరిది గారి నమ్మకం సరైనదే కావచ్చు. ఆ నగరం కట్టి తీరాలన్నది నా అభిప్రాయం కూడా. కానీ కాలం చూడండి. 2015 అక్టోబరులో శంకుస్థాపన, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక, 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనుల పునఃప్రారంభం. 2016లో కొన్నవాళ్ల నమ్మకం కూడా తప్పు కాదు, కానీ నాలుగైదేళ్లు పిల్ల పెళ్లికి, చదువుకు ఆ స్థలం అక్కరకు రాలేదు. భూములిచ్చిన రైతులు రోడ్డెక్కి ఏళ్లతరబడి కూర్చున్నారు. ఎన్నికలతో ముడిపడిన ఆస్తి నలభై ఏళ్లవాడు కొనొచ్చు. నెలనెలా ఇంటి ఖర్చుకు డబ్బు తీయాల్సిన మీరు కొనకూడదు. ప్లాటులో మూలకు ఉన్న పది గజాలు అమ్మి కరెంటు బిల్లు కట్టలేం కదా. ఆయనకు అంత గట్టి నమ్మకముంటే ఆయన డబ్బుతో ఆయన్నే కొనుక్కోమనండి. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు చూసుకోమనండి.

పక్కింటి కుర్రాడికి షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వేసిన లెక్క చూపించండి. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేర్ల ధర ఎటు పోతుందోనని పందెం కాసే ఒప్పందాలు) ఆడిన కోటికి పైగా మామూలు మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం పోయింది లక్షా 80 వేల కోట్ల పైమాటే. అతను నూటికి మిగతా ఏడుగురిలో ఉండొచ్చు. అలాంటివాడైతే అతనికి మీ డబ్బు అవసరం లేదు.

మీ అబ్బాయి చెప్పేదాంట్లో అర్థముంది. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటాక ఆ వాదనకు బలం కూడా పెరిగింది. కాకపోతే మీ కుటుంబంలో డాలర్లు సంపాదిస్తున్న మనిషి ఒకరు ఇప్పటికే ఉన్నారు. మీరు బియ్యం కొనేది రూపాయల్లో. అమెరికా షేర్లు నేరుగా కొంటే, మీ తదనంతరం 60 వేల డాలర్లు దాటిన దాని మీద అక్కడి వారసత్వపు పన్ను చిక్కు ఉంది. ఆ ఫండ్లు అబ్బాయి తన పేరు మీదే కొనుక్కుంటే సరిపోతుంది.

మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా మాటే కనిపించలేదు. ఉద్యోగంలో ఉండగా కంపెనీ గ్రూప్ పాలసీ ఉండి ఉంటుంది. రిటైరవగానే అది ఆగిపోతుంది. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఉందేమో, గడువు ఎప్పటిదాకానో మీ పాత హెచ్‌ఆర్‌కు ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి. మారగలిగితే పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (బీమా డబ్బు ఇవ్వని కాలం) మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టకుండా తప్పించుకునే వీలుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు. 18 శాతం ఉండేది, మీ వయసులో ప్రీమియానికి అది చిన్న మొత్తం కాదు. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ కార్డుకు మీకు ఇంకా పదేళ్లుంది. మీ ఇద్దరికీ షుగర్, బీపీ ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, గ్రూప్ పాలసీ ఏ తేదీతో ముగిసింది, ఇవి రాసి పంపండి. ఎంత మొత్తానికి తీసుకోవాలో అప్పుడు చెబుతాను.